గోలెంలో నురగ గూడు

మొదటి వాన పడ్డ రాత్రి స్నానాల గది గోడకు చెట్టు కప్ప అంటుకుని కనిపించింది. మట్టి రంగు ఒళ్లు, వేళ్ల చివర గుండ్రటి బిళ్లలు. దీపం వేసినా కదల్లేదు. మర్నాడు పెరట్లో గోలెం లోపలి అంచున తెల్లటి నురగ ముద్ద. ఆడకప్ప వెనక కాళ్లతో చిలికి కట్టుకున్న గూడది. పైపొర ఎండినా లోపల తడి ఆరదు, గుడ్లకు అదే రక్ష. కొన్నాళ్లకు తోకకప్పలు అందులోంచి జారి కింది నీళ్లలో పడతాయి.

శ్రీలంకలో వీటి దాయాదులున్నాయి. సూడోఫిలౌటస్ అనే ఆ ప్రజాతిలో 70కి పైగా జాతులు. వాటికి చెరువుతో పనిలేదు. తోకకప్ప దశ గుడ్డులోనే గడిచిపోయి బుల్లి కప్పే బయటికొస్తుంది. అడవి తేమ ఉంటే చాలు. ఆ అడవి పలచబడ్డాకే పదికి పైగా జాతులు కనుమరుగయ్యాయి. మన కప్పకు నిలవ నీళ్లు లేనిదే గడవదు.

ఆ నీళ్ల సంగతే నా బాధ. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో ప్రకటించారు. అప్పట్లో ఆ నీళ్లు వాగుల గుండా నక్కవాగులో, అక్కణ్నుంచి మంజీరలో కలిసేవి. 2009లో అదే వ్యర్థజలంతో ఆఫ్రికా జాతి తోకకప్పలను పరీక్షించారు. వెయ్యి పాళ్లలో రెండు పాళ్లు కలిపినా ఎదుగుదల 40 శాతం తగ్గింది.

చేపలు చచ్చి తేలితే ఊరంతా గట్టు మీదికొస్తుంది. ఎదగని తోకకప్పను ఎవరు చూస్తారు? వానలు లేనప్పుడు కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, కప్పతల్లి అని ఇంటింటా నీళ్లు పోయించుకున్న ఊళ్లే ఇవి. యాంటీబయాటిక్ అవశేషాలకు హద్దులు పెడతామని కేంద్ర ప్రభుత్వం 2020లో ముసాయిదా తెచ్చింది, 2021 తుది నిబంధనల్లో అవి లేవు. ఆ హద్దులు నిబంధనల్లోకి రావాలి. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలమైన అమీన్‌పూర్ చెరువు మొదలు గండిగూడెం చెరువు దాకా ప్రతి వానాకాలం తోకకప్పలను లెక్కపెట్టి, ఆ లెక్కను నీటి పరీక్షల పక్కనే ఊరి చావడిలో అంటించాలి.

గోలెంలో ఉన్నవి బోరు నీళ్లు. నమ్మకం చాలక, గూడు కదలకుండా చెంబుతో తోడేసి, చూరు కింద పట్టిన వాన నీళ్లు పోశాను. ఐదో రోజు తెల్లారేసరికి నురగ కారి, చుక్కకో తోకకప్ప చొప్పున కిందికి జారుతున్నాయి.

— చెరువుగట్టు