విమానాశ్రయమున పాదరక్షలు విడుచుట

గత మాసమున ఒక సోదరి మాకు జాబు వ్రాయుచు, తాను కుమార్తె పురిటికై అమెరికాకు ప్రయాణమగుచున్నాననియు, అచ్చటి విమానాశ్రయములలో తనిఖీవేళ జోళ్లు విడువవలెనని యొకరును, ఇప్పుడక్కరలేదని మరియొకరును చెప్పుచున్నారనియు, నిజమేదో పత్రికాముఖమున తెలుపవలసినదనియు కోరిరి. చివర, "అసలు అన్ని యేండ్లు అందరిచేతను విడిపించుటవలన ప్రయోజనమేమైన గలిగెనా?" అని యొక ప్రశ్నను గూడ చేర్చిరి.

మొదటిదానికి సమాధానము సులభము. అమెరికా ప్రభుత్వము ఆ నియమమును 2025 జులై 8వ తేదీన ఎత్తివేసినది. అయినను యంత్రము కూసినప్పుడుగాని, ఉద్యోగికి అనుమానము తోచినప్పుడుగాని విడువుమని యడుగు అధికారము వారికిప్పటికిని గలదు. రెండవ ప్రశ్న మాత్రము మమ్ము పెక్కు దినములు పట్టియుంచినది.

ఈ నియమమునకు మూలమైన సంఘటన 2001 డిసెంబరు 22వ తేదీన జరిగినది. రిచర్డు రీడ్ అను బ్రిటిషు పౌరుడు పారిస్ నుండి మయామీకి పోవు విమానమెక్కెను. అతని జోళ్ల అడుగుభాగమున ప్రేలుడు పదార్థము దాచబడియుండెను. అది లోహము కాదు గావున లోహశోధక ద్వారము దానిని పట్టలేదు. విమానము అట్లాంటిక్ సముద్రము మీద పోవుచుండగా అగ్గిపుల్ల కాలిన వాసన వచ్చెను. ఆ వాసనను గుర్తించినది హెర్మిస్ మూటార్డియే అను పరిచారిక. పొగత్రాగుచున్నాడేమోయని ఆమె అతనిని మందలించి వెడలెను. మరల వచ్చి చూచునప్పటికి అతడు వంగి, జోటినుండి వ్రేలాడు వత్తికి నిప్పంటింప యత్నించుచుండెను. ఆమె అతనిని పట్టుకొనబోగా అతడామెను క్రింద పడద్రోసెను. ఆమె కేక విని క్రిస్టీనా జోన్స్ అను రెండవ పరిచారిక పరుగున వచ్చి పట్టుకొనెను. అతడామె చేతిని కరచెను. అంతట ప్రయాణికులు లేచి, నడికట్టులతోను దొరికిన త్రాళ్లతోను అతనిని కట్టివేసిరి. ప్రయాణికులలోనున్న వైద్యుడొకరు మత్తుమందు సూదివేసిరి. విమానము బోస్టనులో దిగెను. 2003 జనవరిలో న్యాయస్థానము అతనికి యావజ్జీవ కారాగారశిక్ష విధించెను.

ఇందు మనము గమనింపవలసినది మరియొకటి గలదు. అంతకు ముందు దినముననే రీడ్ అదే ప్రయాణమునకు వచ్చియుండెను. టిక్కెట్టు సొమ్ము రొక్కముగా చెల్లించి, పెట్టెలేవియు అప్పగింపక, ఒంటరిగా సముద్రము దాటబోవు వానిని చూచి అధికారులకు సందేహము కలిగెను. వారు ప్రశ్నించుచుండగా ఆనాటి విమానము తప్పిపోయెను. మరునాడు అతనిని విమానమెక్కనిచ్చిరి. అనగా యంత్రములు చూడలేనిదానిని మనుష్యుల కన్నులు కొంతవరకు చూచినవి. తుదకు ఇద్దరు స్త్రీల మెలకువయే విమానమును కాపాడినది. పాదరక్షల సంగతి మాటాడు పెద్దలు ఈ ఇద్దరి పేళ్లు తలచుట మేమరుదుగా విన్నాము. అందువలననే ఇచ్చట వ్రాసితిమి.

ఇంత జరిగినను అమెరికాలో అందరును తప్పక జోళ్లు విడువవలెనను నియమము వెంటనే రాలేదు. అది 2006 ఆగస్టులో వచ్చినది. ఆ నెల 10వ తేదీన బ్రిటనులో ద్రవపదార్థములతో విమానములను ప్రేల్చు కుట్ర బయల్పడెను. ఆ కలవరములో నీళ్లసీసాలపై నిర్బంధముతోబాటు జోళ్లపై నిర్బంధమును బిగిసినది. ఆ కుట్రలో జోళ్ల ప్రసక్తియే లేదు! అది మొదలు దాదాపు పంతొమ్మిదేండ్లు కోట్లకొలది జనులు మేజోళ్లతో ఆ నేలపై నడచిరి.

మా వీథిలోనే యొక పెద్దమ్మగారు గలరు. ఆమె 2013లో కుమార్తె పురిటికై పోయినప్పుడు వయస్సు 68 ఏండ్లు. జన్మమెత్తి బూట్లు తొడిగినది అదియే మొదటిసారి. చలిదేశమని అల్లుడు కొని పంపగా, హైదరాబాదులో విమానమెక్కువేళ కోడలు వంగి లేసులు కట్టి పంపినది. ఇరువది గంటలకు పైగా కూర్చుండుటచే కాళ్లు వాచినవి. అమెరికాలో మొదటి ఊరిలో దిగి, పెట్టెలు తీసుకొని, మరల అప్పగించి, రెండవ విమానమునకై మరల తనిఖీకి నిలువవలసివచ్చెను. అచ్చట బూట్లు విడువుమని సైగ చేసిరి. పండ్రెండేండ్లలోపు పిల్లలకును 75 ఏండ్లు నిండిన వృద్ధులకును అప్పటికే మినహాయింపు దొరకినది గాని, 68 ఏండ్ల కీళ్లనొప్పులకు మినహాయింపు లేదు. వంగుటకు కుర్చీ లేదు. వెనుక వరుస తొందరపెట్టుచున్నది. కోడలు కట్టిన ముడి ఊడదు. తుదకు వెనుకనున్న యొక నల్లజాతి యువతి నేలపై మోకరించి లేసులు విప్పెనట. తనిఖీ ముగిసిన పిమ్మట వాచిన కాళ్లు బూట్లలో పట్టక, వాటిని చంకనిడుకొని, మేజోళ్లతోనే రెండవ విమానపు ద్వారము వరకు నడచినారు.

"చెప్పులు విడుచుట నాకు క్రొత్తయా అమ్మా? గుడి ముందర విడుతును, ఇంటి గుమ్మమున విడుతును. అది నేను విడిచినట్లుండును. అక్కడ నా కాళ్లనుండి లాగికొన్నట్లుండెను" అని ఆమె మాతో అనిరి.

ఆమె కష్టమునకు తగిన ఫలము లోకమునకు దక్కినచో, ఆమెయే సంతోషముతో సహించియుండెడిది. దక్కినదా? ఈ నియమమును సమర్థించువారి వాదమును మేము తేలికగా త్రోసివేయము. రీడ్ ఒక్కడు కాడు. అట్టి జోళ్లనే పొంది, కడపట మనసు మార్చుకొనిన సాజిద్ బాదత్ అను మరియొక బ్రిటిషు యువకుడు 2003లో గ్లాస్టరు పట్టణమున పట్టుబడెను. 2005లో అతనికి 13 ఏండ్ల శిక్ష పడినది. కాబట్టి భయము కల్పితము కాదు. జోళ్లలో బాంబు దొరకలేదు గావున తనిఖీ వ్యర్థమనుటయు సరికాదు. కుక్క కాపలానున్న యింటికి దొంగ రాకుండుట కుక్క వ్యర్థమనుటకు సాక్ష్యమగునా?

అయితే ఆ కుక్కకు దొంగ వాసన తెలియవలెను. ఎక్స్‌రే యంత్రమునకు వస్తువు ఆకారమును, చిక్కదనమును తెలియును. జోటి అడుగున తొలిచిన బొరియ, అందలి తీగ కనబడవచ్చును గాని, ఆ మెత్తని ముద్ద రబ్బరో మందుగుండో అది నిశ్చయముగా చెప్పజాలదు. దానికి తగిన సాధనములు వేరు: గుడ్డముక్కతో తుడిచి పరీక్షించు యంత్రములు, శిక్షణ పొందిన శునకములు. వాటిని సందేహాస్పదులపై ఉపయోగించుట యుక్తమే. అందరి జోళ్లను అందరి కన్నుల యెదుట తట్టలో పెట్టించుట దానితో సమానము కాదు.

ఇంకొకటి. ఒక ద్వారము మూసిన దుర్మార్గుడు మరియొక ద్వారము వెదకును. 2009 క్రిస్మసు నాడు ఆమ్స్టర్‌డామ్ నుండి డెట్రాయిటునకు పోవు విమానమున ఒకడు అదే జాతి ప్రేలుడు పదార్థమును లోదుస్తులలో దాచుకొని వచ్చెను. అదియు సరిగా ప్రేలలేదు. అతనిని గూడ ప్రయాణికులే పట్టిరి. జోళ్లు విడిపించినట్లు వానిని గూడ విడిపించు నియమము రాకుండుట మన అదృష్టము! ఇక 2016 మార్చి 22న బ్రసెల్సు విమానాశ్రయమున ప్రేలుడు జరిగినది తనిఖీకి ఇవతలి భాగముననే. అనగా వరుస పొడవగుకొలది, ఆ వరుసయే అపాయస్థానము కాగలదు. జోళ్లు విప్పి తొడుగుటకు పట్టు కాలము వరుసను పెంచునుగాని తగ్గింపదు.

అమెరికాలోనే 2015లో రహస్యపరీక్షకులు మారువేషమున నకిలీ ఆయుధములతో తనిఖీ దాటుటకు 70 మారులు యత్నించి 67 మారులు దాటిరని వార్తాసంస్థలు వెల్లడించినవి. అప్పటికి జోళ్లు విడిపించుట తొమ్మిదేండ్లుగా జరుగుచునే యున్నది. వాకిట ముగ్గు తీర్చుటయందు శ్రద్ధ చూపి, దొడ్డి తలుపు తెరచియుంచిన ఇంటివలె నున్నది ఈ వ్యవహారము. బ్రూస్ ష్నయర్ అను అమెరికను నిపుణుడు ఇట్టి యేర్పాట్లకు 'భద్రతా నాటకము' అని పేరు పెట్టెను. చూచువారికి ధైర్యము కలుగును. అంతకు మించి తెరవెనుక జరుగునది స్వల్పము.

ఆ తట్టల మాటయు గృహిణులు వినవలెను. ఫిన్లాండు దేశపు హెల్సింకి విమానాశ్రయమున శాస్త్రజ్ఞులు పరీక్షించి 2018లో ప్రకటించినదేమనగా, తాము పరీక్షించిన తట్టలలో సగమింటిపై జలుబు మొదలగు శ్వాసకోశ వ్యాధుల సూక్ష్మజీవుల జాడ గలదట. ఒకరి జోళ్లు పెట్టిన తట్టలోనే మరియొకరు పసిబిడ్డ పాలసీసా పెట్టుదురు. మడి మాట అటుండనిండు, మామూలు శుభ్రతకే ఇది విరుద్ధము కాదా?

మా అభిప్రాయము దాపరికము లేక చెప్పుచున్నాము. సందేహము కలిగినవారి పాదరక్షలను పరీక్షించుట అవసరము. అందరిచేతను విడిపించుట శ్రమకు తగిన ఫలమీయలేదు. దానిని మానుకొనుట మంచిపని. మన దేశమున అట్టి సార్వత్రిక నిర్బంధము సాధారణముగా లేదు. స్త్రీలను తెరచాటున స్త్రీలే తనిఖీ చేయుట మాత్రము మన యేర్పాటులలో మెచ్చదగినది.

ఇక జాబు వ్రాసిన సోదరికి కొన్ని మాటలు. లేసులు లేని, వెడల్పైన జోళ్లు కొనుడు. దూరప్రయాణమున కాళ్లు వాచుట సహజము. మేజోళ్లు శుభ్రమైనవి తొడుగుడు. యంత్రము కూసి, మిమ్ము ప్రక్కకు పిలిచినచో కంగారుపడవలదు. అది నేరారోపణ కాదు. మిమ్ము తాకి చూచువారు స్త్రీయే కావలెను. మరుగైన గదిలో చూడుమని అడుగు హక్కు మీకు గలదు. కూర్చుండుటకు కుర్చీ కూడ అడుగవచ్చును. ఈ మూడు మాటలను ఇంగ్లీషున ఒక కాగితముపై కుమార్తెచే వ్రాయించుకొని, పాస్‌పోర్టుతోబాటు చేతిసంచిలో నుంచుకొనుడు. కాలి మట్టెలు తీయనక్కరలేదు. ఒకవేళ యంత్రము కూయుటకు అవియే కారణమైనచో, మేజోడు తీసి చూపినచో సరిపోవును.