సీటు ఇస్తారు, చోటు ఇవ్వరు

“నచ్చకపోతే ఇంకో కాలేజీలో చేరొచ్చు కదా! అక్కడికే రమ్మని ఎవరు బొట్టుపెట్టి పిలిచారు?”

అమెరికాలో మతసంస్థల ఆధ్వర్యంలో నడిచే వైద్య కళాశాలల గురించి, అక్కడ చదవాలనుకునే స్వలింగ ప్రేమికుల, ట్రాన్స్‌జెండర్ విద్యార్థుల గురించి నేను ఎప్పుడు మాట ఎత్తినా ఎదురయ్యే మొదటి జవాబు ఇదే. అనేవాళ్ళు చదువుకున్నవాళ్ళే. అమెరికాలో పిల్లలో మనవలో ఉన్నవాళ్ళే. కొందరు మనతోపాటు ఊరేగింపుల్లో నడిచినవాళ్ళు కూడా. అందుకే ఈ మాటకు జవాబు చెప్పాలనుకుంటున్నాను.

ఈ మాట మనకు కొత్తదా? భర్త కొడుతున్నాడని స్త్రీ బయటికి చెప్పుకుంటే “అంత కష్టంగా ఉంటే వచ్చెయ్యొచ్చు కదా” అన్నారు. ఆఫీసులో పైఅధికారి చేతులు వేస్తున్నాడంటే “ఉద్యోగం మానెయ్యొచ్చు కదా” అన్నారు. వచ్చేస్తే ఎక్కడ ఉండాలి, మానేస్తే ఏం తినాలి అని అడిగితే మాత్రం జవాబు లేదు. తప్పు చేసేవాడు ఉన్నచోటే ఉంటాడు, పడేవాళ్ళే మూట సర్దుకోవాలి! ఈ న్యాయాన్ని ఇళ్ళలోనూ ఆఫీసుల్లోనూ ఒప్పుకోని మనం కాలేజీ గేటు దగ్గర ఎలా ఒప్పుకుంటాం?

ముందు విషయం ఏమిటో చూద్దాం. అమెరికాలో మతంతో ముడిపడిన వైద్య కళాశాలలన్నీ ఒకే తీరుగా లేవు. జార్జ్‌టౌన్, లొయోలా, క్రైటన్, సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయాలు కాథలిక్కుల్లోని జెస్యూట్ సంప్రదాయానికి చెందినవి. కాలిఫోర్నియాలోని లోమా లిండా సెవెన్త్ డే అడ్వెంటిస్టు సంఘానిది. వర్జీనియాలోని లిబర్టీ విశ్వవిద్యాలయాన్ని 1971లో జెర్రీ ఫాల్వెల్ అనే మతబోధకుడు స్థాపించాడు. దాని వైద్య కళాశాల 2014లో మొదలైంది. స్త్రీపురుషుల వివాహంలో తప్ప దైహిక సంబంధం తగదని అడ్వెంటిస్టు సంఘం అధికారికంగా ప్రకటించింది. లిబర్టీ విద్యార్థి నియమావళి మరింత సూటిగా, పుట్టుకతో పురుషుడైన వ్యక్తికీ పుట్టుకతో స్త్రీ అయిన వ్యక్తికీ మధ్య జరిగే వివాహానికి బయట సంబంధాలు నిషిద్ధం అంటుంది. అక్కడ ఇది చర్చిలో చెప్పే హితవు కాదు. విద్యార్థి మీద చర్య తీసుకోవడానికి ఆధారమైన నియమం!

దీనికి చట్టం ఎలా ఒప్పుకుంటోందని మీరు అడగవచ్చు. ఆ చట్టం కథ స్త్రీలందరూ తెలుసుకోవలసినది. ప్రభుత్వ నిధులు అందుకునే విద్యాసంస్థల్లో లింగవివక్ష ఉండకూడదని అమెరికాలో 1972లో టైటిల్ నైన్ అనే చట్టం చేశారు. హార్వర్డ్ వైద్య కళాశాల స్త్రీలను చేర్చుకున్నదే 1945లో. 1970 ప్రాంతంలో కూడా అమెరికా వైద్య విద్యార్థుల్లో స్త్రీలు పదిమందిలో ఒక్కరు. స్త్రీల ఉద్యమం, ఈ చట్టం, దానికి అటూ ఇటూగా వచ్చిన ఇతర నియమాలు కలిసి ఆ తలుపులు తెరిచాయి. 2019కి వైద్య విద్యార్థుల్లో స్త్రీలే సగం దాటారు. అది మన గెలుపు. కానీ ఆ చట్టంలోనే ఒక పెరటి గుమ్మం పెట్టారు. మతసంస్థ అధీనంలోని విద్యాలయం, తన మత సిద్ధాంతానికి ఈ చట్టం విరుద్ధంగా ఉన్నంతమేరకు, మినహాయింపు పొందవచ్చు. ఈవేళ ఆ గుమ్మంలోంచే స్వలింగ ప్రేమికులైన విద్యార్థులను, ట్రాన్స్‌జెండర్ విద్యార్థులను బయటికి పంపే వీలు దొరుకుతోంది. స్త్రీల పేరున వచ్చిన చట్టంలోని గుమ్మం కాబట్టి దాన్ని ప్రశ్నించే బాధ్యత కూడా మనకు ఉంది.

పైగా ఆ గుమ్మం ఎక్కడుందో లోపలికి వచ్చేవాళ్ళకు కనబడదు. మినహాయింపు కోరుతూ కాలేజీలు ప్రభుత్వానికి రాసిన లేఖలను విద్యాశాఖ 2016లో బయటపెట్టింది. 2020లో వచ్చిన నిబంధనలు అసలు ముందుగా లేఖ రాయవలసిన అవసరమే లేదని తేల్చాయి. అంటే ఫిర్యాదు వచ్చాక కూడా “మాకు మినహాయింపు ఉంది” అనవచ్చు! ఫీజు కట్టేటప్పుడు చెప్పని షరతు, గొంతెత్తినప్పుడు చెబుతారన్నమాట.

మతకళాశాలల్లో వివక్షకు గురయ్యామంటూ 33 మంది విద్యార్థులు 2021లో విద్యాశాఖ మీద దావా వేశారు. తరవాత మరికొందరు చేరారు. 2023లో కింది కోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టులో పైకోర్టు దాన్నే ఖాయం చేసింది. లైంగికత కారణంగా, జెండర్ గుర్తింపు కారణంగా చూపే వివక్ష కూడా లింగవివక్షేనని 2024లో ప్రభుత్వం తెచ్చిన నిబంధనలను 2025 జనవరిలో ఒక ఫెడరల్ కోర్టు రద్దు చేసింది. 2025 మేలో, ప్రభుత్వ ఒత్తిడి నేపథ్యంలో, వైద్య కళాశాలలకు గుర్తింపునిచ్చే సంస్థ వైవిధ్యానికి సంబంధించిన ప్రమాణాన్నే తీసేసింది. తలుపులు ఒక్కొక్కటీ మూసుకుంటున్న కాలంలో “వేరే తలుపు చూసుకో” అని ఎలా చెబుతాం?

ఇక ఆ ‘వేరే కాలేజీ’ సంగతి. అమెరికాలో వైద్యవిద్యకు దరఖాస్తు చేసినవారిలో సగంమందికి కూడా ఎక్కడా సీటు రాదు. వచ్చిన చాలామందికి చేతిలో ఉండేది ఒకే ఒక్క సీటు. అప్పుచేసి చదివినవాళ్ళు బయటికి వచ్చేసరికి నెత్తిన సుమారు 2 లక్షల డాలర్ల బాకీ. ప్రభుత్వ రుణాలకు 2025లో చేసిన చట్టం పరిమితి పెట్టింది కాబట్టి ఇకముందు ఫీజు ఎక్కడ తక్కువ, ఇల్లు ఎక్కడికి దగ్గర అనే లెక్క మరింత గట్టిగా వేసుకోవాలి. అలాంటప్పుడు ‘ఎంపిక’ అనే మాటకు అర్థమేమిటి?

నా స్నేహితురాలి కూతురు ఒకమ్మాయి అక్కడే పుట్టి పెరిగింది. తను స్త్రీలనే ప్రేమిస్తానని తల్లిదండ్రులకు చెప్పి నాలుగేళ్ళయింది. దూరాన ఉన్న ఒక కాలేజీలో, ఇంటికి గంట దూరంలో ఉన్న ఒక మతకళాశాలలో సీట్లు వచ్చాయి. దగ్గరిదానిలో ఖర్చు చాలా తక్కువ. “నువ్వయినా చెప్పవే, నాలుగేళ్ళు నోరుమూసుకుంటే డాక్టరై బయటికొస్తుంది” అని తల్లి నాకు ఫోన్ చేసింది. ఆ అమ్మాయి నాతో అన్నది వేరు. “పిన్నీ, నోరుమూసుకోవడం నాకు వచ్చు. కానీ ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు అని రోజూ లెక్క చూసుకుంటూ శరీరశాస్త్రం చదవడం ఎలా? నా స్నేహితురాలు నన్ను చూడ్డానికి వస్తే ఆమెను ఏమని చెప్పాలి?” నేను తల్లి చెప్పమన్నది చెప్పలేదు. ఆ కాలేజీ నియమావళి తెప్పించుకుని చదవమన్నాను. లోపల చదువుతున్నవాళ్ళను వెతికి మాట్లాడమన్నాను. ఫిర్యాదు చేస్తే ఎవరు వింటారో రాతపూర్వకంగా అడగమన్నాను. జవాబుగా వచ్చింది “అందరినీ ప్రేమతో ఆదరిస్తాం” అనే ఒక వాక్యం. అడిగింది ప్రేమ గురించి కాదు, నియమం గురించి!

వైద్యవిద్యలో ఈ భయానికి బరువు ఎక్కువ. విద్యార్థి భవిష్యత్తు ఉపాధ్యాయుల సిఫారసు లేఖల్లో ఉంటుంది. స్పెషలైజేషన్‌కు వెళ్ళాలంటే డీన్ రాసే లేఖ కావాలి. వార్డులో మీద ఉన్నవాడి మాటకు ఎదురు లేదు. 2015లో వెలువడిన ఒక అధ్యయనం ఉత్తర అమెరికా వైద్య కళాశాలల్లో విద్యార్థులను అడిగింది. స్వలింగ, ద్విలింగ ప్రేమికులైన విద్యార్థుల్లో దాదాపు మూడోవంతు తమ సంగతి కాలేజీలో దాచిపెట్టామన్నారు. వారిలో చాలామంది చెప్పిన కారణాల్లో వివక్ష భయం ఒకటి. అది మతకళాశాలల లెక్క కాదు, అన్ని రకాల కాలేజీలదీ కలిపి. నిషేధం రాతలో లేనిచోటే ఇలా ఉంటే, రాసిపెట్టినచోట ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

దీని నష్టం విద్యార్థులతో ఆగదు. 2011లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం అమెరికా, కెనడా వైద్య కళాశాలల్లో ఈ సమూహాల ఆరోగ్యం గురించి మొత్తం చదువులో బోధించే సమయం సగటున ఐదు గంటలు. తోటి విద్యార్థి నోరు మూయించిన తరగతిలో తయారైన డాక్టరు, రేపు ఎదురుగా కూర్చున్న రోగిని ఏం అడగగలడు? ఆమె ఏం చెప్పగలదు?

మనకు మరింత దగ్గరి సంగతి ఒకటుంది. కాథలిక్కు ఆసుపత్రులు బిషప్పులు రూపొందించిన నియమాలను పాటించాలి. వాటి ప్రకారం పిల్లలు పుట్టకుండా స్త్రీ కోరి చేయించుకునే ఆపరేషన్ నిషిద్ధం, అబార్షన్ నిషిద్ధం. 2025 నవంబరులో బిషప్పులు ఆ నియమాలను సవరించి ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు లింగమార్పిడి చికిత్సలను కూడా నిషేధించారు. ఒకే కలం, ఒకే సిరా! ఇక్కడ మన పేద స్త్రీలను కుటుంబ నియంత్రణ క్యాంపుల్లో వరసగా పడుకోబెట్టి ఆపరేషన్లు చేశారు. అక్కడ కోరి అడిగినా చేయరు. రెండుచోట్లా తన శరీరం మీద నిర్ణయం తనది కాదు. అందుకే ఇది “ఎవరో కొద్దిమంది సమస్య” కాదంటున్నాను.

మత స్వేచ్ఛ మాటేమిటని అడిగేవారున్నారు. అడగవలసిన ప్రశ్నే. మిషనరీ వైద్యం మన స్త్రీలకు చేసిన మేలు నేను మరిచిపోలేదు. 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్, మగ డాక్టరుకు చెయ్యి చూపించడానికి కూడా వీల్లేని స్త్రీలకు వైద్యం చేసింది. 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచింది. ఆమెను నడిపించింది ఆమె విశ్వాసమే. కాని ఆ విశ్వాసం తలుపులు తెరిచింది, మూయలేదు. ఎవరి దేవుణ్ణి వాళ్ళు కొలుచుకునే హక్కు వేరు. ప్రజల పన్నులతో నడిచే రుణాలూ నిధులూ తీసుకుంటూ, ప్రజలందరికీ వైద్యం చేయవలసినవాళ్ళను తయారుచేస్తూ, కొందరు ప్రజలను గేటు బయట నిలబెట్టే హక్కు వేరు. మొదటిదాని కోసం నేనూ నిలబడతాను. రెండోది హక్కు కాదు, పెత్తనం. స్వలింగ ప్రేమికుల్లోనూ గాఢమైన భక్తులున్నారు. తమ సంఘం నడిపే కాలేజీలోనే చదవాలని కోరుకునేవారున్నారు. వాళ్ళ మత స్వేచ్ఛ ఎవరి లెక్కలోకి వస్తుంది?

మతం ఉన్నచోట మార్పు రాదనేది కూడా అబద్ధం. జార్జ్‌టౌన్‌లో విద్యార్థులు 1980లో కోర్టుకెళ్ళారు. విశ్వవిద్యాలయం వాళ్ళ సంఘాన్ని ఆమోదించనక్కరలేదు గాని, మిగతా సంఘాలకు ఇచ్చే సౌకర్యాలు సమానంగా ఇచ్చి తీరాలని 1987లో తీర్పు వచ్చింది. 2007లో విద్యార్థులు మళ్ళీ ఆందోళన చేశారు. 2008లో అక్కడ ఎల్‌జిబిటి విద్యార్థులకు ప్రత్యేక కేంద్రం ఏర్పడింది. అమెరికా కాథలిక్ విశ్వవిద్యాలయాల్లో అదే మొదటిది. శిలువ తీసెయ్యలేదు, ప్రార్థన ఆగలేదు. కాని ఎవరి దయవల్లా రాలేదు, పోరాడితే వచ్చింది.

ఇదంతా దూరదేశపు గోల అనుకోవడానికి మనకు వీల్లేదు. మన దేశంలో 2018లో సుప్రీంకోర్టు 377 సెక్షన్ నుంచి పరస్పర సమ్మతి ఉన్న వయోజనులను తప్పించింది. వైద్య పాఠ్యపుస్తకాల్లోని అశాస్త్రీయపు రాతలను సరిచేయాలని మద్రాసు హైకోర్టు 2021లో చెప్పింది. అయినా 2024లో జాతీయ వైద్య కమిషన్ ఇచ్చిన కొత్త పాఠ్యప్రణాళికలో స్త్రీల మధ్య ప్రేమ మళ్ళీ ‘అసహజ లైంగిక నేరాల’ జాబితాలోకి ఎక్కింది. గొడవ చేస్తే వెనక్కి తీసుకున్నారు. అక్కడ మతగ్రంథం చేసే పని ఇక్కడ ఫోరెన్సిక్ పుస్తకం చేస్తోంది.

అందుకే మనం అడగవలసినవి సూటిగా అడుగుదాం. ఏ కాలేజీ అయినా మినహాయింపు వాడుకోదలిస్తే ఆ సంగతి దరఖాస్తు ఫారం మీదే అచ్చువేయాలి. ప్రేమ గురించిన వాక్యాలు కాదు, ఫిర్యాదు ఎవరు వింటారో, ఏ శిక్షలు ఉన్నాయో రాసి ఇవ్వాలి. ప్రజల సొమ్ము తీసుకునేచోట ప్రజలందరికీ సమానమైన రక్షణ ఉండాలి. ఏటా సభలు పెట్టి బతుకమ్మలూ ఉగాదులూ చేసుకునే అమెరికా తెలుగు సంఘాలు, పిల్లల మెడిసిన్ సీట్ల గురించి గొప్పలు చెప్పుకునే వేదికల మీదే ఈ పిల్లల గురించీ మాట్లాడాలి. మన సంస్థల్లో కౌన్సెలింగ్ చేస్తున్నవాళ్ళు, “సర్దుకోమ్మా” అనే మాటను స్త్రీలకు చెప్పడం ఎలా మానేశారో ఈ పిల్లలకు చెప్పడం కూడా అలాగే మానాలి.

ఒక మంచి డాక్టరు కాగలిగిన పిల్ల, ఏ కాలేజీలో తన చదువు బాగా సాగుతుందని లెక్కవేసుకోవాలి. ఎక్కడ తక్కువ భయపడవలసి వస్తుందని కాదు. ఆ రెండో లెక్క ఆమె చేత వేయిస్తున్నంతకాలం, “నచ్చకపోతే వేరే కాలేజీ” అనేది సలహా కాదు, వెళ్ళగొట్టడమే.