మూడో రోజు తిరగకలిపాకే రుచి

ఏమండీ, ఈ ఏడు ఆవకాయలు పెట్టేశారా? కలిపిన రోజున ఎర్రగా నిగనిగలాడుతూ ఎంత ముద్దొస్తుందో! కానీ ఆ రోజే నాలిక మీద వేసుకుని ‘ఉప్పు సరిపోయింది’ అని జాడీ మూత పెట్టేసేవాళ్లు మనలో ఎవరైనా ఉన్నారా? మూడో రోజు తిరగకలిపి చూస్తేగానీ అసలు రుచి తెలీదు.

ఆవకాయ దగ్గర ఇంత జాగ్రత్తగా ఉండే నేను, మనిషి దగ్గర మాత్రం మొదటి రోజు రుచికే మోసపోయాను. ఈ వారం ఆ సంగతే చెబుతాను.

2001లో మా పిన్ని కూతురికి సంబంధం తెచ్చింది నేనే. మా వారికి తెలిసిన కుర్రాడు. పెళ్లిచూపులనాడు మడత నలగని చొక్కా, గలగలా మాటలు, బాబాయితో రాజకీయాలు, పిన్ని పెట్టిన కాఫీకి పొగడ్తలు. రెండు గంటల్లో ఇంటిల్లిపాదినీ బుట్టలో వేసుకున్నాడు. అందరికంటే ముందు పడింది నేనే. ఆ రాత్రి మా చెల్లెలు, “అక్కా, అంతసేపున్నాడు కదా, నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదే” అంది. “సిగ్గుపడి ఉంటాడులేవే” అని కొట్టిపారేశాను. ఆ మాట ఇప్పటికీ చెవిలో గింగురుమంటూనే ఉంది.

పెళ్లయిన ఏడాదికే తెలిసొచ్చింది. ఆయనగారికి ప్రమోషన్ వస్తే ఇంట్లో పండగ. దీనికి జ్వరం వస్తే మాత్రం ఆయనకి చిరాకు. కూర కుదిరితే ఆయన తెచ్చిన వంకాయలు మంచివి, కుదరకపోతే దీనికి వంట రాదు. నలుగురిలో ఎంత మురిపెమో, తలుపు వేశాక అంత ఎత్తిపొడుపు. చెయ్యెత్తి కొట్టింది లేదు. అందుకే అది ఎవరితోనూ చెప్పుకోలేకపోయింది. నన్ను ఇంతవరకూ పల్లెత్తు మాటనలేదు. నాకు అదే ఎక్కువ బాధ.

ఇప్పుడు దాని కూతురు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. పోయిన నెల వచ్చి, “పెద్దమ్మా, అమ్మకి నువ్వే నచ్చజెప్పాలి” అంటూ ఓ అబ్బాయి ఫోటో చూపించింది. ఎంత చురుకో, ఎంత దర్జావో, ఎక్కడికెళ్లినా అందరూ అతని చుట్టే చేరతారట! వింటుంటే నా గుండె జారిపోయింది.

నేను ఇంటర్‌తో ఆగినదాన్ని. మా అమ్మాయి డిగ్రీలో సైకాలజీ చదువుతోంది. దాన్ని కూర్చోబెట్టి అడిగితే చెప్పుకొచ్చింది. తన మీద తనకే మోజు ఉండడాన్ని నార్సిసిజం అంటారట. ఓవిడ్ అనే రోమన్ కవి రెండువేల ఏళ్ల క్రితం రాసిన కథ ఉంది. నార్సిసస్ అనే అందగాడు నీళ్లలో తన నీడనే ప్రేమించి, అక్కడే కృశించిపోతాడు. అతన్ని ప్రేమించిన ఎకో అనే అమ్మాయికి సొంత మాట లేదు, ఎదుటివాళ్ల చివరి మాటనే తిరిగి పలకాలి. చివరికి ఆమె శరీరం కూడా పోయి గొంతు ఒక్కటే మిగులుతుంది. ఇది వినగానే నాకు మా చెల్లెలే గుర్తొచ్చింది. ఏమడిగినా “ఆయన ఎలా అంటే అలా” అంటుంది మరి!

అయితే ఇలాంటివాళ్లు అంత బాగా ఎందుకు నచ్చుతారు? జర్మనీలో కాలేజీలో కొత్తగా చేరి, ఒకరికొకరు తెలియని విద్యార్థుల మీద జరిపిన పరిశోధన ఒకటి 2010లో అచ్చయింది. ఈ గుణం ఎక్కువున్నవాళ్లే తొలిచూపులో ఎక్కువమందికి నచ్చారట. కారణం వాళ్ల బట్టల తీరు, ధీమా, చమత్కారం. విచిత్రమేమిటంటే, ఎదుటివాళ్లని వాడుకునే గుణం, అన్నీ తనకే చెల్లాలనే గుణం ఉన్నవాళ్లే మొదట మరీ బాగా కనిపించారట! కెనడా పరిశోధన 1998లో వచ్చింది. గొప్పలకు పోయేవాళ్లు మొదటి సమావేశంలో అందరికీ నచ్చారు, ఏడో సమావేశానికి ఆ మెప్పు కాస్తా పోయింది. చూశారా, మన ఆవకాయ సూత్రమే!

నన్నడిగితే ఇంకో కారణం కూడా ఉంది. అంత గొప్పవాడు ఇంతమందిలో నన్నే ఎంచుకున్నాడంటే, నేనూ గొప్పదాన్నే అనిపిస్తుంది. మనకి ఇంట్లో ఎవరూ ఇవ్వని మెప్పు అది. అందుకే తేలిగ్గా పడిపోతాం.

గురజాడవారి ‘కన్యాశుల్కం’ చూడండి, తొలిసారి 1892లో ఆడారు. బుచ్చమ్మ గిరీశం మాటలే వింది. అతని సంగతి తెలిసింది డబ్బు పోగొట్టుకున్న పూటకూళ్లమ్మకి. కాబట్టి సంబంధం చూసేటప్పుడు ఆ పూటకూళ్లమ్మ ఎవరో వెతికి అడగాలి!

పిల్లకి మూడు సంగతులు చెప్పాను. తనతో పనిలేని వాచ్‌మన్‌తో, హోటల్ సర్వర్‌తో ఎలా మాట్లాడతాడో చూడు. నువ్వు చెప్పుకున్న కష్టం వారం తర్వాత తనంతట తాను గుర్తుపెట్టుకుని అడుగుతాడేమో చూడు. ఒక చిన్న విషయానికి ‘వద్దు’ అని చూడు.

అలాగని బాగా తయారైన ప్రతివాణ్నీ అనుమానించకండి. ధీమా ఉండడం తప్పు కాదు. ఆడవాళ్లలోనూ ఇలాంటివాళ్లున్నారు, కోడల్ని వెతికేవాళ్లు గమనించాలి. ఇది జబ్బు స్థాయికి చేరిందా లేదా అన్నది డాక్టరు తేల్చాలి, మనం ముద్ర వేయకూడదు. ఇప్పటికే అలాంటి ఇంట్లో ఉన్న చెల్లెళ్లకి ఒక్క మాట: 2005 నాటి గృహహింస చట్టం ప్రకారం దెబ్బలే కాదు, నిత్యం అవమానించే మాటలూ హింసే. 181కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

మొన్న పిల్ల ఫోన్ చేసింది. వాళ్లమ్మకి ఒంట్లో బాగాలేదని ఆదివారం సినిమాకి రానందట. నాలుగు రోజులు మాట్లాడలేదట. ఐదో రోజున ఇంత పూలగుత్తితో వచ్చాడట. “పువ్వులు బాగున్నాయి పెద్దమ్మా. కానీ అమ్మకెలా ఉందని మాత్రం అడగలేదు” అంది.

పాతికేళ్ల క్రితం వాళ్లమ్మ అన్న మాటే! ఈసారి కొట్టిపారేయలేదు. “నీకు అలా అనిపించిందంటే ఆ మాట విలువైనదేనమ్మా, తొందరపడకు” అన్నాను. వాళ్లమ్మ మాట అప్పుడు నేను వినలేదని కూడా చెప్పేశాను. అటునుంచి చాలాసేపు మాట లేదు. ఆలోచించుకుంటానంది.

మీ ఇంట్లో ఆడపిల్ల ఇలాంటి చిన్న మాట ఏదైనా అంటే, చేతిలో గరిటె పక్కన పెట్టి వినండి. వచ్చే వారం కలుద్దాం.