సంఘపు టపాయు, గడువులును

మన ప్రాథమిక సహకార పరపతి సంఘములలో పెక్కింటికి కంప్యూటరు వచ్చినది. 63,000 సంఘములను కంప్యూటరు లెక్కలలోనికి దెచ్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2,516 కోట్ల రూపాయల యంచనాతో 2022 జూను 29వ తేదీన నామోదించినది. ఖాతాల పని యెట్లో సాగుచున్నది. కాని యా యంత్రముతోనే జరుగవలసిన మఱియొక పని, అనగా వచ్చిన యుత్తరములను చూచుటయు గడువులను గుర్తుంచుకొనుటయు, అనేక చోట్ల దిక్కులేక పడియున్నది. దానిని గూర్చియే యీ నాలుగు మాటలు.

రైతు సోదరులారా, ఇది గుమాస్తా పని, మనకేల యని తలంపవలదు. స్వల్పకాలిక పంట ఋణమును గడువులోపల తీర్చిన రైతునకు కేంద్రపు వడ్డీ రాయితీ పథకము క్రింద నూటికి 3 వంతున నదనపు రాయితీ గలదు. లక్ష రూపాయలు ఏడాది వాడుకొన్నవానికి అది 3,000 రూపాయలు. గడువు దాటిన మఱునాడు పైకము తెచ్చినచో నా రాయితీ దక్కదు. ప్రధానమంత్రి ఫసల్ బీమా యమలునందున్న చోట్ల వడగండ్లు, ముంపు మొదలగు స్థానిక నష్టములను 72 గంటలలోగా తెలియజేయవలెను. ఇట్టి నిబంధనలు, వానిలో మార్పులు, ఈనాడు కాగితముపై రావు. ఈమెయిలులో వచ్చును. దానిని తెఱచి చూచువాడు లేనిచో నష్టము గుమాస్తాది కాదు, మనది.

నే నెఱిగిన యొక సంఘమున ఉత్తరముల పెట్టె తెఱచి చూడగా చదువనివి వేయికి పైగా నుండెను. అందు సగము వ్యాపార ప్రకటనలు. తక్కినవి బ్యాంకు సర్క్యులర్లు, ఎరువుల లేఖలు, శిక్షణకు పిలుపులు. ఆ గుమాస్తా సోమరి కాడు, మంచివాడే. ఉత్తరములు చూచుట కేది వేళయో, చూచిన పిదప నేమి చేయవలెనో ఆయనకు చెప్పినవా రెవ్వరును లేరు.

మొదట చేయవలసినది, ఇంటర్నెట్టు పుటలో అప్పుడప్పుడు తొంగిచూచుట మాని, ఉత్తరములకును కాలెండరునకును ప్రత్యేకముగా నున్న సాఫ్టువేరును బల్లమీది కంప్యూటరులో స్థాపించుకొనుట. మైక్రోసాఫ్టువారి ఔట్‌లుక్ 1997 నుండి యున్నది. ఆఫీసు సాఫ్టువేరుతోపాటు దానిని కొన్న సంఘములు దానినే వాడుకొనవచ్చును. కొననివారికి మొజిల్లావారి థండర్‌బర్డ్ చాలును. 2004లో వెలువడిన యీ సాఫ్టువేరునకు వెల లేదు. 2020 నుండి కాలెండరు దానిలోనే యిమిడియున్నది. విండోసుతో వచ్చిన మెయిల్, కాలెండర్ అను చిన్న సాధనములను నమ్ముకొన్న కార్యాలయములు మాత్రము వెంటనే మారవలెను. వానికి పోషణ 2024 డిసెంబరు 31తో నిలిచిపోయినది.

పల్లెలో నిట్టి సాఫ్టువేరు వలన ముఖ్యలాభము వేఱొకటి గలదు. ఉత్తరముల ప్రతులు మన యంత్రములోనే నిలువయుండును. ఇంటర్నెట్టు పోయినను పాత సర్క్యులరును వెదకి చదువవచ్చును. జవాబు వ్రాసి యుంచినచో లైను వచ్చిన పిమ్మట పంపవచ్చును. అయితే స్థాపించునపుడు ఐమాప్, పాప్ అను రెండు పద్ధతులలో నేది కావలెనని యడుగును. పాప్ పద్ధతిలో సాధారణముగా ఉత్తరము మన యంత్రమునకు దిగి, అక్కడ తుడిచివేయబడును. యంత్రము చెడిన నాడు ఉత్తరములును పోవును. ఐమాప్ పద్ధతిలో అసలు అక్కడ, నకలు మనయొద్ద నుండును. సంఘములు ఐమాప్‌నే కోరవలెను. ఇక్కడ తుడిచిన యుత్తరము అక్కడను తుడుచుకొనిపోవునని మాత్రము మఱువరాదు.

ఫిల్టరు అను సౌకర్యము గలదు. జిల్లా బ్యాంకునుండి వచ్చిన యుత్తరమునకు ఎఱ్ఱగుర్తు వేయుము, వ్యాపార ప్రకటనలను వేఱొకచోట పడవేయుము అని యొక్కసారి చెప్పియుంచినచో అది తనంతట తానే చేయుచుండును. దీనిని జూచి ముచ్చటపడి యిరువది ఫోల్డర్లు కట్టువా రున్నారు. అది బీరువాకు ఇరువది తాళములు వేసి చెవులు పోగొట్టుకొనుట వంటిది. మూడు నాలుగు ఫోల్డర్లకు మించి యక్కఱలేదని నా యభిప్రాయము.

నిజమైన బలము కాలెండరులో నున్నది. గడువు తేదీ గల యుత్తరము వచ్చినపుడు థండర్‌బర్డ్‌లో దానిపై మౌసు కుడిబొత్తాము నొక్కి కాలెండరు పనిగా మార్చవచ్చును. ఔట్‌లుక్ పాతరకములో ఉత్తరమును కాలెండరు గుర్తుపైకి లాగినచో నదే జరుగును. తేదీ వేసి, పదునైదు దినముల ముందొకటి, రెండు దినముల ముందొకటి జ్ఞాపికలు పెట్టవలెను. ఒక్కటే పెట్టుట చాలదు. బ్యాంకు గడువు రేపనగా మేల్కొనిన రైతు పైకమెక్కడనుండి తెచ్చును? జ్ఞాపిక సాఫ్టువేరు తెఱచియున్నపుడే కనబడును గాన, ఉదయము కార్యాలయము తెఱవగానే దీనిని తెఱచుట మొదటి పని కావలెను.

ఏటేట వచ్చు పనులను ఒక్కసారి వ్రాసి, ప్రతి సంవత్సరము మరల రమ్మని చెప్పవచ్చును. కార్తెలు సూర్యగమనము ననుసరించునవి గావున నిందుల కొప్పును. మృగశిర యేయేడైనను జూను 7, 8 తేదీల ప్రాంతముననే ప్రవేశించును. దానికి నెల ముందే విత్తనముల, ఎరువుల యిండెంటు జ్ఞాపిక పెట్టవచ్చును. తిథుల ననుసరించు పండుగల కిది పనికిరాదు. ఉగాది 2024లో ఏప్రిలు 9న, 2025లో మార్చి 30న వచ్చినది. అట్టివానిని ఏటేట పంచాంగము చూచియే వ్రాయవలెను.

ఇంత తంటా యెందులకు, వాట్సప్‌లో సందేశము పెట్టిన చాలదా యని కొందఱందురు. నే నందుల కంగీకరింపను. ఆ సందేశము శుభోదయముల క్రింద, పెండ్లి ఫొటోల క్రింద సాయంత్రమునకే పూడిపోవును. పైగా అది యొకరి సొంత ఫోనునకు చెందినది. రైతులకు చెప్పుటకు వాట్సప్ మంచిదే, సంఘపు రికార్డునకు కాదు.

ఈమెయిలు చిరునామాకును ఇదే న్యాయము. అది సంఘము పేరుతో నుండవలెను గాని గుమాస్తా పేరుతో నుండరాదు. ఆయన బదిలీయైనచో మన యుత్తరము లాయన వెంటబోవును. పాస్‌వర్డును సీలువేసిన కవరులో అధ్యక్షునియొద్ద నుంచవలెను. పాస్‌వర్డు నడుగు ఉత్తర మెవరి పేర వచ్చినను జవాబీయరాదు. సభ్యులకందఱకు నొకే యుత్తరము పంపునపుడు చిరునామాలను బీసీసీ వరుసలో వేసినచో ఒకరిది మఱియొకరికి కనబడదు. ఇంకొక చిన్నమాట. అచ్చుపనికి వాడు పాత తెలుగు ఖతులలో వ్రాసిన యుత్తరము అవతలివారికి అర్థములేని గీతలుగా జేరుచుండును. తెలుగును యూనికోడులోనే వ్రాయవలెను.

రాబోవు మహాజనసభలో సభ్యులు డివిడెండుతోపాటు దీనిని గూర్చియు నడుగవలెను. టపా దినదినము చూచువా రెవరు? ఆయన సెలవులో నున్న నాడు చూచువా రెవరు? రాబోవు మూడు నెలల గడువు లెవ్వి? ప్రతి నెల మొదటి తేదీన కాలెండరు పుటను అచ్చుదీసి నోటీసు బోర్డుపై నంటించుటకు తీర్మానము చేయింపవచ్చును. ఆ పుటను అచ్చుదీయు నేర్పాటు సాఫ్టువేరులోనే యున్నది. కార్యాలయమునకు రాని రైతులకై మఱియొక ప్రతిని ఎరువుల గోదాము తలుపునకు నంటించిన మేలు. యూరియాకై వచ్చిన వా రందఱును దానిని చూతురు.