సిరాగీతలో నిలిచిన తీరము

చిత్రశాలలో తైలవర్ణచిత్రము నెదుట నిలిచెడి జనము, ప్రక్కనున్న పెన్సిలు గీతలను చూడకయే సాగిపోవుట పరిపాటి. అవి పూర్తికాని పనియని మన తలంపు. కాని కొన్ని సమయములందు చరిత్రకు మిగిలెడి సాక్ష్యము ఆ గీతలే. జార్జి చిన్నరీ తీరచిత్రములు అందుకు నిదర్శనము.

1774లో లండనులో జన్మించిన చిన్నరీ, 1802 చివర చెన్నపట్టణము చేరి 1807 వరకు అచట నున్నాడు. ఆయనకు బ్రతుకుతెరువు రూపచిత్రములు. హైదరాబాదు రెసిడెంటు కర్క్‌పాట్రిక్, ఖైరున్నీసా బేగముల బిడ్డలిద్దరు ఇంగ్లండుకు ఓడ యెక్కుటకు ముందు, 1805లో, వారిని చిత్రించినది ఆయనయే. అది ఒకరు కోరగా వేసిన చిత్రము. సముద్రతీరమున గీచినవి మాత్రము తన మనసు కోరి గీచినవి. కంటబడిన దానిని ముందు పెన్సిలుతో చురుకుగా పట్టుకొని, నిలుపదలచిన గీతలపై పిమ్మట సిరా నడపుట ఆయన పద్ధతి. అంచులందు షార్టుహ్యాండు లిపిలో గుర్తులు వ్రాసికొనెడివాడు.

ఆయన గీచిన వానిలో మసూలా పడవ యొకటి. ఇనుపమేకు లేక, పలకలను కొబ్బరినార త్రాటితో కుట్టిన ఆ పడవ అలతాకిడికి వంగునే గాని సులభముగా పగులదు. కట్టిన రేవు లేని ఆనాటి చెన్నపట్టణమున ఓడలు దూరముగా లంగరు వేయగా, మనుష్యులును సరకులును ఆ పడవలపైననే దరి చేరవలసి యుండెను. రేవు వచ్చినది, పడవకు పని పోయినది. దాని నడిపిన వారి పేర్లు మనకు మిగులలేదు. వారు తెడ్డు పట్టిన తీరు కాగితముపై మిగిలినది.

కెమెరా యుండగా ఈ శ్రమ యేల యని కొందరందురు. కెమెరా ఎదుటనున్న దానినంతయు ఒక్కమారుగా గ్రహించును. పెన్సిలు పట్టినవాడో, కుట్టు ఎటు పోయినదో తాను చూచిన గాని గీత వేయలేడు. చూపునకు ఇంతకు మించిన శిక్షణ లేదు.

దామెర్ల రామారావు 28 ఏండ్లు నిండకుండగనే 1925లో గతించినను, ఆయన కృషిని రాజమహేంద్రవరపు చిత్రశాల కాపాడుచున్నది. అట్టి భాగ్యము ఎందరి చిత్తుపుస్తకములకు కలిగినది? ఇల్లు సర్దునపుడు చెత్తతో పోయినవే హెచ్చు.

పలమనేరు మెట్టసీమకు సముద్రము దూరమే. కైగల్ జలపాతము, కౌండిన్య ఏటిగట్టు, మట్టిబొమ్మలు మలచెడి కుమ్మరి చేయి దూరము కావు. వానిని విద్యార్థులచే గీయించి, క్రింద ఊరు, తేదీ వ్రాయించి, పాఠశాలలు, గ్రంథాలయములు దాచి యుంచవలెను. అందుకు వలసినది ఒక పెన్సిలు, ఒక బీరువా, కొంత శ్రద్ధ.