పరభాషలో కాపురం

1852వ సంవత్సరం తెలుగువారు మరువరానిది. సి. పి. బ్రౌన్ దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో అచ్చయినది ఆ ఏడే. సరిగా అదే ఏడు బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డున, మౌల్మేను పట్టణంలో, బర్మా–ఇంగ్లీషు నిఘంటువు ఒకటి వెలువడినది. దానికోసం జీవితమంతా పదాలు పోగుచేసిన అడోనిరామ్ జడ్సన్ దానిని కంటితో చూడలేదు. అంతకు రెండేండ్ల ముందే, 1850లో, సముద్రంమీద ఓడలో కన్నుమూసినారు. బ్రౌన్ కుంఫిణీ ఉద్యోగి. పండితులకు జీతాలిచ్చి, దగ్గర కూర్చుండబెట్టుకొని భాష నేర్చినవాడు. జడ్సన్ అమెరికానుండి వచ్చిన క్రైస్తవ మిషనరీ. భార్యతో పరాయి ఊరిలో కాపురం పెట్టి భాష నేర్చినవాడు. ఇద్దరికీ భాష ఒకే త్రోవన రాలేదు. మొదటివాని కథ తెలుగుదేశానికి తెలిసినదే. రెండవవాని కథలో నిఘంటువు వెనుక ఒక ఇల్లు ఉన్నది.

అడోనిరామ్, ఆన్‌ల వివాహం 1812 ఫిబ్రవరిలో జరిగినది. రెండు వారాలు తిరుగకముందే వారు ఓడ ఎక్కినారు. కలకత్తాలో కుంఫిణీ ప్రభుత్వం వారిని నిలువనీయలేదు. మారిషస్ వెళ్లి, అక్కడినుండి మద్రాసు చేరినారు. అక్కడా అదే భయం. బయలుదేరడానికి సిద్ధంగా ఉన్న ఓడ రంగూనుది కావడంవల్ల దానిలోనే ప్రయాణమైనారు. దారిలో ఆన్‌కు ప్రసవమై, తొలి బిడ్డ దక్కలేదు. 1813 జులైలో రంగూనులో దిగినపుడు వారికి ఆ దేశభాషలో ఒక్క మాట తెలియదు.

కుదిరిన గురువుకు ఇంగ్లీషు రాదు. వ్రేలితో వస్తువును చూపడం, ఆయన పేరు చెప్పడం, వీరు అప్పగించడం — ఇదే తొలి పాఠం. శిష్యులలో ఒకరు స్త్రీ అని చూచి ఆ పెద్దమనిషి మొదట ఆమెను లెక్కపెట్టలేదు. భర్త పట్టుబట్టిన తరువాతనే ఆమెకుకూడ శ్రద్ధగా చెప్పసాగినాడు. తాటాకుమీద గంటంతో గీచిన ఆ గుండ్రని అక్షరాలు తెలుగువాని కంటికి దూరపు చుట్టాలవలె కనిపించవచ్చును. బర్మా లిపి మూలాలుకూడ దక్షిణ భారతానివే కదా. అచ్చు పుస్తకాలమధ్య పెరిగిన అమెరికా పండితునికి మాత్రం అవి అర్థంకాని గీతలు. మాటకూ మాటకూ మధ్య ఎడమైనా ఉండదు. తాను రెండు నెలలు చదివిన ఫ్రెంచి పుస్తకమూ, రెండేండ్లకు మించి చదివిన బర్మా పుస్తకమూ ముందుంచి పరీక్షకు ఒకటి ఎంచుకొమ్మంటే, సంకోచం లేకుండా ఫ్రెంచినే ఎంచుకొంటానని ఆయన స్నేహితునికి వ్రాసినారు. గ్రీకు, హీబ్రూ వచ్చిన మనిషి మాట ఇది.

ఇక్కడ గమనింపదగిన సంగతి ఒకటి ఉన్నది. భర్త రోజంతా గురువువద్ద కూర్చుండి వ్యాకరణం తరచినారు. ఆన్‌కు అంత తీరిక లేదు. పనివారికి పనులు పురమాయించాలి, బజారుకు వెళ్లి బేరమాడాలి, ఇరుగుపొరుగు స్త్రీలతో మాటలాడాలి. ఫలితమేమి? భాషాతత్త్వం ఆయనకు ఎక్కువ తెలిసినదట గాని, మాటలాడడంలో ఆమెయే ముందుకు పోయినది. ఈ మాట ఆమెయే ఇంటికి వ్రాసిన ఉత్తరంలో ఉన్నది. ఆమెకు అవసరమే గురువైనది. ఉప్పు అడుగవలసినవాడు ఉప్పుకు మాట నేర్చి తీరుతాడు. విభక్తులకు అంత తొందర లేదు. మిషనరీల చరిత్రలు వ్రాసినవారు గ్రంథాలయంలోని భర్తను కొలిచినంతగా బజారులోని భార్యను కొలువరు. కాని రంగూనులో ఉన్న సయాం వారి భాషనుకూడ నేర్చి, మత్తయి సువార్తను 1819లో ఆ భాషలోనికి మార్చినది ఆమెయే.

ఆయనకు ఎదురైన చిక్కు వేరు. తాను చెప్పదలచిన దేవునికి ఆ భాషలో మాట ఏది? ‘ఫయా’ అన్న మాట బుద్ధునిది, పగోడాది. దానిని విడిస్తే వినేవానికి అర్థం కాదు. అట్లే ఉంచితే వేరే అర్థమే మిగులుతుంది. చివరకు ‘థావర’ అన్న పాలీ పదాన్ని ముందు చేర్చి, శాశ్వతుడైన ఫయా అన్నారు. అది స్థావర జంగమాలలోని స్థావరమే. అనగా బౌద్ధాన్ని తొలగింపవచ్చిన బోధకుడు తన దేవుని పేరునే బౌద్ధులవద్ద అప్పు తెచ్చుకొన్నాడు. భాష నేర్చుకొన్నవాని స్థితి ఎపుడూ ఇంతే. మొదటి శిష్యుడు దొరికినది ఆరేండ్లకు, 1819లో. ఈలోగా రెండవ బిడ్డ ఎనిమిది నెలలవాడై పోయినాడు.

1824లో ఇంగ్లీషువారికీ బర్మాకూ యుద్ధం వచ్చినది. తెల్లవారందరూ గూఢచారులే అన్న అనుమానంతో ఆవా రాజధానిలో జడ్సన్‌ను సంకెళ్లు వేసి చెరలో పెట్టినారు. అనువాదపు వ్రాతప్రతి దిండులో కుట్టి దాచిన కథ ప్రసిద్ధమే. దానికంటె తలచుకోవలసినది మరొకటి. 1825 జనవరిలో ఆన్‌కు ఆడపిల్ల పుట్టినది. ఆమె బర్మా స్త్రీవలె దుస్తులు ధరించి అధికారుల ఇండ్లచుట్టూ తిరిగి, వారి భాషలోనే మొరపెట్టుకొన్నది. ఖైదీలను ఆంగ్‌బిన్‌లే గ్రామానికి తరలించినపుడు బిడ్డతో వెంట వెళ్లి, అక్కడ జబ్బుపడినది, పాలు ఇంకిపోయినవి. చెరసాల అధికారికి కానుకలిచ్చి అనుమతి సంపాదించి, తండ్రి సంకెళ్లతోనే బిడ్డను చేతులలో పెట్టుకొని ఊరిలో ఇల్లిల్లూ తిరిగినాడు. పసిబిడ్డల తల్లులను పాలకోసం యాచించినాడు. వారు ఇచ్చినారు. ఆ ఊరికి అతడు శత్రుపక్షపు మనిషి. ఆ వీథిలో అతడు పలికిన బర్మా మాటలు ఏ నిఘంటువు పీఠికలోనూ లేవు.

ఆ భాషాజ్ఞానమే ఆయనను వెలుపలికి తెచ్చినది. సంధికి దుబాసీ కావలసివచ్చి రాజు ఆయనను విడిపించినాడు. 1826 ఫిబ్రవరిలో యాండబో సంధి జరిగినది. అరకాను, తెనాసరిం కుంఫిణీ పాలైనవి. బర్మా కోటి రూపాయలు చెల్లించవలసివచ్చినది. ఉపన్యాసానికని నేర్చిన భాష రాజ్యాల పంపకానికి ఉపకరించినది. ఇందుకు ఆయనను నిందించడం తేలిక. చెరలోని మనిషికి ఎంపిక ఏపాటిదో కూడ తలచవలెను. కాని ఆ తరువాత అదే ఏడు ఇంగ్లీషు రాయబారివెంట దుబాసీగా మళ్లీ ఆవాకు వెళ్లినది చెరలో ఉండి కాదు. ఆయన అక్కడ ఉండగానే, అక్టోబరులో, ఆన్ మరణించినది. పరాయి తల్లుల పాలతో బ్రతికిన మేరియా ఆరు నెలలకు తల్లిని అనుసరించినది.

బైబిలు అనువాదం 1834లో ముగిసినది. నేటి మయన్మార్ క్రైస్తవుల చేతిలో ఇంకను ఉన్నది. 1845లో, ముప్పదిమూడేండ్ల తరువాత, జడ్సన్ అమెరికా చేరినారు. బర్మా భాషలో చక్కగా బోధించగలగడానికై స్వభాషలో ఉపన్యసించడమే మానుకొన్నానని అక్కడ చెప్పినారు. దానికి తోడు గొంతు జబ్బు. సభలలో ఆయన మెల్లగా గుసగుసలాడితే, ప్రక్కన నిలుచున్నవారు ఆ మాటలను తిరిగి బిగ్గరగా చెప్పేవారు. తన ఊరివారికి తన మాతృభాషలో చెప్పుకొనడానికి ఆయనకు మరొకరి నోరు కావలసివచ్చినది. మరుసటి ఏడే ఆయన బర్మాకు ఓడ ఎక్కినారు. నిఘంటువు ఇంకా పూర్తికాలేదు.