పేరు కలిస్తే చాలనుకునే వైఫై
లినక్స్ ల్యాప్‌టాప్ దానంతటదే ఓపెన్ వైఫైకి కనెక్ట్ అవుతోందంటే డ్రైవర్‌ని అనుమానించే ముందు సేవ్ అయిన ప్రొఫైళ్లు చూడాలి. వైఫై కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ ముక్కూమొహం తెలియని నెట్‌వర్క్‌లో చేరదు. మనం ఒక్కసారి చేరితే మాత్రం ఆ ప్రొఫైల్‌లో ఆటోకనెక్ట్‌ని ఆన్‌లోనే ఉంచుతుంది. అసలు చిక్కు ఇక్కడే. పాస్‌వర్డ్ లేని చోట రౌటర్ అసలుదో నకిలీదో తేల్చుకునే దారి లేదు. రైల్వే స్టేషన్ వైఫై పేరునే ఎవరైనా తన ఫోన్ హాట్‌స్పాట్‌కి పెట్టుకుంటే, మూత తెరిచిన ల్యాప్‌టాప్ నేరుగా దానికే అతుక్కోవచ్చు. హెచ్‌టీటీపీఎస్ ఉండగా భయమెందుకని కొందరంటారు. పేజీలోని విషయాన్ని అది కాపాడుతుంది, నిజమే. కానీ ఏ సైట్‌కి వెళ్తున్నామో చెప్పే డీఎన్ఎస్ ప్రశ్నలు మామూలుగా బట్టబయలుగానే పోతాయి, నకిలీ లాగిన్ పేజీ చూపించే వీలూ ఆ హాట్‌స్పాట్ పెట్టినవాళ్లకుంటుంది. ప్రతిసారీ చేత్తో కనెక్ట్ చేయడం విసుగే అయినా అది ఒకట్రెండు క్లిక్కుల పని. ఓపెన్ నెట్‌వర్క్‌లకి ఆటోకనెక్ట్ టిక్కు తీసేయండి. నిజానికి అది ముందే తీసి ఉంచాల్సింది డెస్క్‌టాప్ తయారుచేసేవాళ్లు.